తోక తెగిన అందం

మోటారు సైకిలుకి వెనక మడ్‌గార్డు అందం చెడగొడుతోందిట! పొడుగ్గా, వెడల్పుగా, ముసలమ్మ ముసుగులా వేళ్లాడుతూ బండి రూపాన్ని పాడు చేస్తోందిట. దాన్ని జానెడో జానెడున్నరో కోసి పారేస్తే బండి నాజూగ్గా, అప్పుడే క్షవరం చేయించుకుని తలంటు పోసుకున్న కుర్రాడిలా కనిపిస్తుందిట. ఈ మాట చెబుతున్నది ఇంజనీర్లు కాదు, బళ్లు తయారు చేసే కంపెనీలూ కాదు. ఆదివారం పొద్దున్నే వీధి వరండాలో పాత పేపర్లు పరుచుకుని, హ్యాక్సా బ్లేడు చేత పట్టుకుని కూచునే మన ఇళ్లలోని పిల్లలు.

నవలలు రాసుకునే దానివి, బి.ఏ.లో చరిత్రా తెలుగూ చదువుకున్న దానివి, బండి భాగాలతో నీకేం పనమ్మా అని మీరు అడగవచ్చు. పనుంది. ముందు కూచుని బండి నడిపేవాడికి వెనక మడ్‌గార్డు కనిపించనైనా కనిపించదు. దాన్ని నమ్ముకుని కూచునేది వెనక సీటు మీది మనిషి. మన దేశంలో ఆ వెనక సీటు మీది మనిషి చాలాసార్లు ఆడది. అమ్మో, అక్కో, చెల్లెలో, పెళ్లామో. కనక ఈ విషయంలో మాట్లాడే హక్కు మెకానిక్కు కన్నా నాకే ఎక్కువ ఉందని నా నమ్మకం.

అసలు నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మడ్‌గార్డు బండి యజమాని సొత్తు కాదు. డబ్బిచ్చి కొన్నది ఆయనే కావచ్చు, కాగితాల మీద ఉన్నది ఆయన పేరే కావచ్చు. కాని అది పని చేసేది వెనక కూచున్న వాళ్ల కోసం, ఆ బండి వెనకాల వచ్చే వాళ్ల కోసం. ఇంటి చూరు నీళ్లు పక్కింటి గోడ మీద పడకుండా మనం ఎలా చూసుకుంటామో, చక్రం బురద పక్కవాడి మీద పడకుండా చూసుకోవటం అలాంటిదే. నా ఇల్లు, నా చూరు, నా ఇష్టం అంటే పక్కింటాయన ఊరుకుంటాడా?

ముందుగా కుర్రాళ్లకి ఇవ్వవలసిన మెప్పు ఇచ్చేస్తాను. చేతిపని చేసేవాళ్లంటే నాకు గౌరవం. ఈ మడ్‌గార్డు కొయ్యటం ఏమంత తేలికైన పని కాదు. ముందు వెనక దీపం, ఇండికేటర్లు, నంబరు ప్లేటు ఒక్కొక్కటీ విప్పాలి. వైర్లు ఏది ఎక్కడికి పోతోందో గుర్తు పెట్టుకోవాలి. చక్రం తీసి, బోల్టులూడదీసి, రేకుని కిందికి దించాలి. గీత ఎక్కడ గియ్యాలో కొలుచుకుని, రంగు పెచ్చులూడకుండా కాగితపు టేపు అంటించి, దాని మీద పెన్సిలుతో గీత గీసి, బ్లేడు జారకుండా కొయ్యాలి. ఆపైన ఆకురాయితో అంచుని నున్నగా రాయాలి. రెడాక్సైడు పూసి ఆరబెట్టాలి. దాని మీద రంగు. ఇంత ఓపికా మన పిల్లల్లో ఉన్నదని తెలిసినప్పుడు ఏ తల్లికైనా ఆశ్చర్యమూ ఆనందమూ కలక్క మానవు. తన మంచం మీది దుప్పటి మడత పెట్టని వాడు రేకు ముక్క ముందు మూడు గంటలు కూచున్నాడంటే చిన్న సంగతా!

అయితే ఆ రేకుకి ఒక అంచు ఉంటుందని వీళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఉక్కు మడ్‌గార్డు చివర చేత్తో తడిమి చూడండి. చాలా వాటికి రేకు లోపలికి మడిచి ఉంటుంది. చీరకి అంచు ఎందుకో దీనికీ అందుకే. అంచు చింపేసిన గుడ్డ పీలికలు లేచిపోయినట్టు, మడత కోసేసిన రేకు పట్టు తప్పుతుంది. ఇంజను అదురుకి అదిరి అదిరి బోల్టు రంధ్రాల దగ్గర బీటలిస్తుంది. కోసిన చోట ఉక్కు బయటపడుతుంది. దాని మీద పూసిన ఇంటి రంగుకి ఎక్కడో ఒక సూదిమొనంత సందు దొరికితే చాలు, రెండు వానాకాలాలు గడవక ముందే తుప్పు పొంగుకొస్తుంది. అదీ కాక, వెనక మనిషి ఎక్కినప్పుడు బండి కిందికి కుంగి చక్రం మడ్‌గార్డుకి దగ్గరవుతుంది. ఖాళీ బండిని స్టాండు మీద నిలబెట్టి కొలతలు తీసుకుని, కొత్త దీపానికి పొడుగాటి బోల్టు లోపలికి బిగించాడనుకోండి, గతుకు వచ్చినప్పుడు ఆ బోల్టు మొన టైరుని గీరుతుంది. అందం కోసం చేసిన పని ఆయుష్షుకి చేటు తెస్తుంది.

ఇదంతా బండివాడి నష్టం. వాడి నష్టం వాడిది, నాకేం? నా గొడవ మిగతా వాళ్ల గురించి.

వానలో పిల్లలు తడి గొడుగుని గిరగిరా తిప్పితే నీళ్లు ఎలా ఎగురుతాయో మనందరికీ తెలుసు. చక్రమూ అంతే. బండి ముందుకి పోతున్నప్పుడు చక్రం వెనక భాగం కింది నుంచి పైకి లేస్తూ తిరుగుతుంది. టైరు గాడుల్లో ఇరుక్కున్న నీళ్లూ, బురదా, సన్న గులకరాళ్లూ ఎక్కడ విడిపోతే అక్కడి నుంచి తిన్నగా ఎగురుతాయి. నేలకి దగ్గరగా విడిపోయినవి వెనక్కి పోతాయి. ఇరుసు ఎత్తున విడిపోయినవి నిట్టనిలువుగా లేస్తాయి. ఇంకాస్త పైన విడిపోయినవి పైకీ ముందుకీ వస్తాయి, అంటే వెనక కూచున్న వాళ్ల వీపు మీదికి. మడ్‌గార్డు ఎంత కిందిదాకా ఉంటే అంత బురదని పట్టి మళ్లీ నేలకే దింపుతుంది. గంటకి 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. అంత వేగంతో టైరుని వదిలే బురద ముద్ద మర్యాదగా ప్రవర్తిస్తుందని ఎవరూ అనుకోరు కదా! వెనకాల స్కూటరు మీద వస్తున్న మనిషి హెల్మెట్ అద్దం మీద అది చప్పున పడిందనుకోండి. ఆ ఒక్క క్షణం ఆ మనిషికి దారి కనిపించదు. ఎదురుగా లారీ ఉండవచ్చు, గొయ్యి ఉండవచ్చు. ‘క్లీన్ లుక్’ ఖరీదు ఆ మనిషి చెల్లించాలన్న మాట.

మా మేనల్లుడు ఒకడున్నాడు. బుద్ధిమంతుడే. సెకండ్ హ్యాండులో పాత బుల్లెట్ కొన్నాడు. కొన్న నెలకే దాని తోక కోశాడు. పై వానాకాలంలో వాడి తల్లి, అంటే మా పెద్ద వదిన, ఆ బండి మీద శ్రావణ శుక్రవారం నాడు గుడికి వెళ్లి వచ్చింది. దిగి లోపలికి నడుస్తుంటే వెనక నుంచి చూశాను. గంధం రంగు పట్టుచీర. నడుం దగ్గర నుంచి జడ చివరి దాకా నల్లరేగడి మట్టి ఒకటే చార, ఎవరో కుంచెతో గీసినట్టు.

‘‘ఏమిట్రా ఇది?’’ అన్నాను.

‘‘వర్షం కదత్తయ్యా!’’ అన్నాడు.

‘‘వర్షం పైనుంచి పడుతుంది నాయనా, కింద నుంచి కాదు.’’

వాడు నవ్వేసి, ‘‘బండి చూడండత్తయ్యా, వెనక ఎంత నీటుగా ఉందో!’’ అన్నాడు. నిజమే, బండి నీటుగానే ఉంది. దాని మీద పడవలసిన బురదంతా వాళ్లమ్మ మోసుకొచ్చింది! ఆ చీరని తర్వాత ఉతికింది ఎవరని మీరు నన్ను అడగక్కర్లేదు. మీ ఇంట్లో ఎవరు ఉతుకుతారో మా ఇంట్లోనూ వాళ్లే.

ఈ తోక కొయ్యటానికి పెద్ద చరిత్రే ఉంది. చరిత్ర చదువుకున్నదాన్ని కదా, ఆ సంగతీ చూశాను. 1930లలో, 40లలో అమెరికాలో మొదలైన వేడుక ఇది. ఆనాటి హార్లీ డేవిడ్‌సన్, ఇండియన్ బళ్లు ఏనుగుల్లాంటివి. వాటి మడ్‌గార్డులు చక్రాన్ని సగానికి పైగా కప్పేసే బరువైన ఉక్కు రేకులు. పందేల మీద మోజున్న వాళ్లు బరువు తగ్గించటానికి ముందు మడ్‌గార్డు పూర్తిగా ఊడబీకి, వెనకది సగానికి కోసేవారు. రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసి సైనికులు ఇళ్లకి తిరిగి వచ్చాక ఈ వేడుక ఇంకా పెరిగింది. గుర్రం తోక కత్తిరించటాన్ని ఇంగ్లీషులో బాబ్ చెయ్యటమంటారు. అందుకని ఈ పనికి ‘బాబ్ జాబ్’ అనీ, ఆ బళ్లకి తర్వాత తర్వాత ‘బాబర్’ అనీ పేర్లు వచ్చాయి. ఇప్పుడు మన కుర్రాళ్లు ఫోనుల్లో చూసి మురిసిపోతున్నది ఆ బాబర్ల బొమ్మలే.

కాని ఆ బొమ్మల్ని ఇంకొంచెం జాగ్రత్తగా చూడండి నాయనలారా! అచ్చమైన బాబరు మీద ఒక్కటే సీటు ఉంటుంది. వెనక మనిషికి చోటుండదు. మడ్‌గార్డు కోసిన వాడు తనతో పాటు ఎవర్నీ ఎక్కించుకోనని చెప్పకనే చెప్పాడు. తన వీపు మీది బురద తనే మోశాడు. అందులో ఒక నిజాయితీ ఉంది. మరి మీరేం చేస్తున్నారు? మడ్‌గార్డు కోస్తున్నారు, వెనక సీటు మాత్రం అలాగే ఉంచుతున్నారు. తోక తెగిన గుర్రం మీద అమ్మని ఊరేగిస్తున్నారు!

‘శుభ్రం’ అన్న మాట మీద కూడా నాకు పేచీ ఉంది. 1946లో ఇటలీలో వెస్పా స్కూటరు పుట్టింది. దాన్ని రూపొందించిన కొర్రాదీనో దాస్కానియో విమానాల ఇంజనీరు. ఆయనకి మోటారు సైకిళ్లంటే గిట్టేది కాదు. ఎక్కటం కష్టం, టైరు మార్చటం కష్టం, గొలుసు గ్రీజు బట్టలకి అంటుకుంటుంది అని ఆయన అభియోగం. అందుకే గొలుసు లేకుండా చేశాడు. ఇంజనుని రేకు చాటున దాచాడు, ముందు కాళ్లకి అడ్డంగా పెద్ద పలక పెట్టాడు. గౌను వేసుకున్న ఆడవాళ్లు కూడా హాయిగా ఎక్కి నడుపుకునేలా మధ్య భాగం ఖాళీగా వదిలాడు. ఆ వంశంలోదే మన దేశంలో 1972లో వచ్చిన బజాజ్ చేతక్. మధ్య తరగతి సంసారాల్ని ఎన్నేళ్లు మోసిందో మనకి తెలుసు. దాస్కానియో లెక్కలో శుభ్రమంటే బండి శుభ్రంగా కనపడటం కాదు, బండెక్కిన మనిషి శుభ్రంగా దిగటం. మన కుర్రాళ్ల లెక్క దీనికి తలకిందులు. బండి శుభ్రంగా ఉండాలి, మనుషులు ఏమైపోయినా సరే!

ఇక అసలైన సంగతికి వస్తాను. మడ్‌గార్డు కోసేవాడి చెయ్యి అక్కడితో ఆగదు. దాని పక్కనే ఎడమ వైపు ఇనుప కడ్డీల కంచె ఒకటుంటుంది. దాని పేరే శారీ గార్డు. ‘‘అది మరీ అసహ్యం’’ అంటూ దాన్నీ విప్పి అటక మీద పడేస్తారు. అసహ్యమా? అది ఎందుకు పుట్టిందో తెలుసా? మన ఆడవాళ్లు కాళ్లు రెండూ ఎడమ వైపుకే వేసి కూచుంటారు. కుచ్చిళ్లు, కొంగు, చున్నీ అన్నీ తిరిగే చక్రానికి జానెడు దూరంలో ఉంటాయి. చక్రం ఒక్క దారప్పోగుని పట్టుకుందంటే వదలదు, గుడ్డ అంతటినీ లాక్కుంటుంది. చీరైతే మనిషి కింద పడుతుంది. మెడ చుట్టూ వేసుకున్న చున్నీ అయితే అది ఉరితాడే. చున్నీ చక్రంలో చుట్టుకుని ఆడపిల్ల మరణం అన్న వార్త మనం పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు? చదివి, ‘అయ్యో పాపం, జాగ్రత్తగా సర్దుకోవద్దూ!’ అని ఆ పిల్లనే తప్పుపట్టి పేజీ తిప్పెయ్యలేదూ?

మన దేశపు చట్టం ఈ విషయంలో మన ఇళ్లకన్నా నయం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం అచ్చంగా దీని గురించే. వెనక మనిషి కూచునే ఏర్పాటున్న ప్రతి మోటారు సైకిలుకీ పట్టుకోవటానికి పిడి ఉండాలి, కాళ్లు పెట్టుకోవటానికి మెట్టు ఉండాలి, వెనక మనిషి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా ఆ చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలి అని దాని సారాంశం. ఢిల్లీలో నియమాలు రాసిన పెద్దలకి వెనక సీటు మీది ఆడమనిషి కొంగు గుర్తుకొచ్చింది. ఆమె కన్న కొడుక్కి, కట్టుకున్న మొగుడికి గుర్తు రాకపోవటమే విడ్డూరం! తయారీదారు ఇచ్చిన నమూనాకి భిన్నంగా బండిని మార్చకూడదని 1988 చట్టంలో 52వ సెక్షను చెబుతోంది. 2019 సవరణలో ఇలాంటి తప్పుడు మార్పు ఒక్కొక్కదానికీ 5000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చని చేర్చారు. పోలీసు భయం పెట్టటం నా ఉద్దేశం కాదు. జరిమానా కట్టి రశీదు జేబులో పెట్టుకున్నంత మాత్రాన కొంగు చిక్కుకోకుండా ఉండదు.

దీనికి కొందరు జవాబులు సిద్ధంగా ఉంచుకున్నారు. ‘‘ఈ రోజుల్లో చీర కట్టుకుని బండెక్కేది ఎవరండీ? అందరూ ప్యాంట్లేగా!’’ అంటారు. పెళ్లిళ్ల రోజుల్లో ఒక్క సాయంత్రం వీధిలో నుంచుని చూడండి, ఎవరెక్కుతున్నారో. పోనీ చీర లేదు. చున్నీ లేదా? వాన కోటు లేదా? బడికి వెళ్లే పసివాడి కాలు లేదా? నిద్ర తూగుతున్న పిల్లాడి మడమ చక్రం చువ్వల మధ్యకి జారితే ఏమవుతుందో ఎముకల డాక్టర్ని అడగండి. ఆ ఇనుప కంచె చీరనే కాదు, ఆ చిన్న పాదాన్నీ కాస్తుంది.

‘‘కంపెనీలే ఇప్పుడు పొట్టి తోకల బళ్లు తెస్తున్నాయి కదా!’’ అంటారు ఇంకొందరు. తెస్తున్నాయి. అలాంటి బళ్లలో చాలావాటికి సీటు కింద తోక పొట్టిదైనా, టైరుని అంటిపెట్టుకుని ఇంకో చిన్న మడ్‌గార్డు ఉంటుంది. నంబరు ప్లేటు కోసం కిందికి దిగిన చెయ్యి ఉంటుంది. ఒక చోట తగ్గించింది ఇంకో చోట సర్దారు. మన వరండాలో జరుగుతున్నది సర్దటం కాదు, ఉత్త తీసెయ్యటం. దీపాన్ని, నంబరుని ఎత్తుకి తోసి, ఒక్కోసారి సీటు కిందికి దాచేసి, రాత్రిపూట వెనకొచ్చే బస్సుకి ముందొక బండి ఉందన్న సంగతే సరిగ్గా కనపడకుండా చెయ్యటం!

‘‘అందం అక్కర్లేదా?’’ అని అడుగుతారు అందరికన్నా గట్టివాళ్లు. అక్కర్లేదని నేనెప్పుడన్నాను? అందం లేకపోతే నా బోటి వాళ్లు నవలలు రాసి బతకగలరా! కాని అందమంటే ఏమిటో తేల్చుకుందాం. పనికొచ్చే దాన్ని పనికిమాలిన దానిలా చూడటం నేర్పేది ఏదైనా నాకు అనుమానమే. నవలల్లో కథానాయకుడు బండి మీద రయ్యిన వచ్చి ఆగుతాడు, వెనక సీటు మీంచి నాయిక పువ్వులా దిగుతుంది. ఆమె వీపు మీద బురద చార ఉన్న నవల మీరెక్కడైనా చదివారా? ఆ పువ్వులా దిగటం వెనకాల ఒక మడ్‌గార్డు, ఒక ఇనుప కంచె ఉన్నాయి. అవి కథలో కనిపించవు. ఇంట్లో ఆడవాళ్ల పని కూడా అంతే. జరుగుతున్నంత కాలం ఎవరికీ కనిపించదు. ఆగిపోయిన నాడు మాత్రం అందరి వీపుల మీదా చారలే.

పిల్లల సరదా నేనేమీ కాదనను. రంగులు మార్చుకోండి. అద్దాలు తుడుచుకోండి. సీటుకి కొత్త తొడుగు కుట్టించుకోండి. శారీ గార్డు తుప్పు పట్టి అసహ్యంగా ఉంటే గీకి, నల్లరంగు వేసి, నిగనిగలాడించండి. చేతిలో అంత పనితనం ఉన్నవాడికి ఉన్నదాన్ని అందంగా చెయ్యటం చేతకాదా? కోసెయ్యటానికి బ్లేడు చాలు, అందంగా నిలబెట్టటానికే నేర్పు కావాలి.

అంతకీ కొయ్యక తప్పదంటారా? సరే, పందెపు గుర్రాలే కావాలంటారా? అయితే పూర్తిగా పందెపు గుర్రాన్నే చెయ్యండి. చట్టంతో ఏం తేల్చుకోవాలో తేల్చుకుని, వెనక సీటు ఊడదీసి, కాళ్లు పెట్టుకునే మెట్లు కూడా తీసెయ్యండి. ఒంటరిగా తిరగండి. మీ వీపు, మీ బురద. వెనక సీటు ఉంచుకున్నంత కాలం మటుకు మడ్‌గార్డు జోలికి వెళ్లే హక్కు మీకు లేదు.

ఆడవాళ్లకి నా మనవి వేరే ఉంది. బండెక్కే ముందు మనం చీర సర్దుకుంటాం, సంచీ సర్దుకుంటాం, పిల్లాణ్ణి సర్దుకుంటాం. ఇక మీదట ఇంకొక్క పని చేద్దాం. వంగి ఆ చక్రం వంక ఒక్కసారి చూద్దాం. మడ్‌గార్డు దాని ఎత్తున అది ఉందా, ఇనుప కంచె దాని చోట అది ఉందా? ఉంటే ఎక్కుదాం. లేకపోతే, ‘‘నువ్వు పద నాయనా, నేను ఆటోలో వస్తాను. ఆటో డబ్బులు మాత్రం నువ్వే ఇవ్వాలి’’ అని చెబుదాం. నాలుగు సార్లు ఆటో డబ్బులు ఇచ్చాడంటే, అటక మీది శారీ గార్డు దానంతటదే కిందికి దిగి వస్తుంది.